జూలైలో వచ్చిందెవరు?

శాంతియాగో నగరంలో, వలస వచ్చినవాళ్ళు అద్దెకుండే ఒక పాత ఇంటి వెనక గది. అక్టోబరు నెల, సోమవారం సాయంత్రం. చెల్లెలు యారిత్సా తల తుడుచుకుంటూ స్నానాల గదిలోంచి బయటికి వచ్చేసరికి, అక్క నొహేలియా ఆమె ఫోను చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరే ఈ ఇసోల్దా?"

"ఎవరు?"

"నన్నడుగుతావేంటి? నీ ఫోన్‌కే వచ్చింది. ఇసోల్దా అట. ఎవరావిడ?"

"ఏమో అక్కా. కుట్టు షాపుకి వచ్చే ఆవిడ అయుంటుంది. ప్యాంట్లు పొట్టి చేయించుకోడానికి సవాలక్షమంది వస్తారు."

"ప్యాంటు మాటెత్తలేదు. నువ్వు స్నానంలో ఉన్నావని నేనే ఎత్తాను. ఎత్తగానే 'నొహేలియా బ్రాచో గారేనా' అంది."

"అలా అందా?"

"అలాగే అంది. 'నేనే' అన్నాను. నేనేగా మరి. నీ ఫోన్‌లో నన్నెందుకు అడుగుతారే యారీ?"

"రాంగ్ నంబరేమో."

"రాంగ్ నంబరుకి నా ఇంటిపేరు తెలుసా? నా పుట్టినరోజు తెలుసా? ఏప్రిల్ పంతొమ్మిదేనా అని కూడా అడిగింది. అదీ రాంగేనా?"

"మరి ఏమంది?"

"ఇప్పుడు దారికొచ్చావ్. గురువారం పదింటికి రావాలట. తప్పకుండా రావాలట. ఒక్కదాన్నే రావద్దు, ఇంట్లోవాళ్ళని ఎవరినైనా తోడు తెచ్చుకోమంది. ఎక్కడికి అని అడిగేలోపే ఎవరో పిలిచినట్టున్నారు, పెట్టేసింది."

"అక్కా, కాఫీ పెట్టనా?"

"కాఫీ తర్వాత."

"అరెపా రొట్టెలకి పిండి కలిపి ఉంచాను. ఆరిపోతుంది."

"ఆరిపోనీ. నా మొహం చూడు. నా పేరు మీద ఎక్కడైనా పని ఒప్పుకున్నావా?"

"లేదు."

"గది ఏమైనా తీసుకున్నావా? ఎవడితోనైనా విడిగా ఉండాలనుకుంటే నాతో చెప్పొచ్చు. నేనేం మీదపడి కొరకను."

"ఎవడూ లేడు."

"పోనీ నా పేరు మీద పెళ్ళేమైనా చేసుకున్నావా?"

"నీ వయసు రాసి పెళ్ళికి నిలబడితే నన్నెవడు చేసుకుంటాడు?"

"నవ్వించకు. నేను నవ్వట్లేదు. జూలైలో నా గుర్తింపు కార్డు రెండు రోజులు కనబడలేదు, గుర్తుందా?"

"గుర్తులేదు."

"నాకు గుర్తుంది. స్కూలు వంటగదిలో పడిపోయిందనుకుని చెత్త డబ్బాలన్నీ తిరగేశాను. ముప్పై కిలోల బంగాళాదుంప తొక్కల్లో చేతులు పెట్టి వెతికాను. మూడో రోజు నా సంచీ అడుగునే దొరికింది. ఆ సంచీని అంతకుముందు మూడుసార్లు బోర్లించి దులిపాను. అప్పుడే నాకు అనుమానం తగిలింది. సొంత చెల్లెల్ని అడగడమేంటి అని ఊరుకున్నాను."

"ఊరుకున్నదానివి ఇప్పుడు మాత్రం ఎందుకు?"

"ఇప్పుడు ఇసోల్దా ఫోన్ చేసింది కాబట్టి. కార్డు తీశావా లేదా?"

"తీశాను."

"ఏం చేశావు దాంతో?"

"క్లినిక్‌కి వెళ్ళాను."

"ఏ క్లినిక్‌కి?"

"మార్కెట్ వెనక ఉన్న ఆరోగ్య కేంద్రానికి. నువ్వై వెళ్ళాను."

"నేనై వెళ్ళడమేంటి?"

"కిటికీ దగ్గర నీ కార్డు పెట్టి, నేను నొహేలియా బ్రాచో అన్నాను. లోపల కూర్చున్నావిడ కార్డు చూసింది, నన్ను చూసింది. ఇద్దరికీ ఒకటే ముక్కు కదా. అంతే."

"వైద్యానికి నీకు సొంత నంబరు ఇస్తారన్నారుగా?"

"వచ్చి పదకొండు నెలలైంది అక్కా. ఆ కథ వింటావా? తాత్కాలిక నంబరు కోసం వెళ్తే ఇంటి రుజువు తెమ్మన్నారు. గది ఒప్పందం నీ పేరు మీద ఉంది. ఓనరమ్మ ఒక్క ముక్క రాసివ్వనంది. వీధి సంఘం వాళ్ళ కాళ్ళావేళ్ళా పడితే వాళ్ళు రాసిచ్చారు. పట్టుకెళ్తే సిస్టమ్ పనిచేయట్లేదు, రెండు వారాలాగి రమ్మన్నారు. రెండు వారాలాగి వెళ్తే ఆ కాగితం పాతబడిపోయింది, కొత్తది తెమ్మన్నారు."

"ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వు పొద్దున్న ఆరింటికి వెళ్ళి సాయంత్రం కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తావు. ఎప్పుడు చెప్పను? సరే, మే నెలలో నంబరొచ్చింది. హమ్మయ్య అనుకుని వెళ్ళాను. ఆడవాళ్ళని చూసే మాత్రోనా దగ్గర చోటు అడిగాను. వచ్చే ఏడు మార్చి ఇరవై మూడు అన్నారు."

"మే నెలలో అడిగితే మార్చా?"

"మార్చి. కొత్తగా చేరినవాళ్ళు చివర్న ఉంటారట. రక్తం పోతోందండీ అన్నాను. గట్టిగా చెప్పమ్మా వినపడట్లేదు అంది. గాజు కిటికీకి పిడికిలంత కన్నం. నా వెనక ముప్పైమంది. ముందు వరసలో మన వీధి రొట్టెల షాపాయన. ఎంత గట్టిగా చెప్పను?"

"రక్తం పోవడమేంటి? ఎవరికి?"

"ఎవరికంటే? నాకే."

"ఎప్పట్నుంచి?"

"ఏప్రిల్ నుంచి. నెల నెలా వచ్చేది కాదు. మధ్యలో. వారం ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది."

"యారీ."

"ఇదిగో, ఆ మొహం పెట్టకు. అందుకే చెప్పలేదు."

"పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళకపోయావా?"

"వెళ్ళాను. తొమ్మిది గంటలు కూర్చున్నాను. ఇది ప్రాణం మీదికొచ్చేది కాదమ్మా, మీ పేట కేంద్రంలో చూపించుకో అన్నారు. పేట కేంద్రంలోనేమో మార్చి. అప్పుడు తీశాను నీ కార్డు. నీ నంబరు కొట్టగానే ఆ కంప్యూటరు నోరు మూసుకుని పనిచేసింది. 'జూలై తొమ్మిది, పదకొండున్నర. మీకు వీలవుతుందా సెన్యోరా' అంది. వీలవుతుందా అని నన్ను అడిగారు అక్కా. ఈ ఊరొచ్చాక మొదటిసారి."

"పరీక్ష చేశారా?"

"చేశారు. గర్భసంచి మూతి దగ్గర పుల్లతో తీసి ఏదో గాజు మీద పూశారు. రిపోర్టు రావడానికి టైం పడుతుంది, ఏదైనా ఉంటే ఫోన్ చేస్తామన్నారు."

"ఏదైనా ఉంటేనే చేస్తామన్నారా?"

"ఉంటేనే."

"ఇవాళ చేశారు."

"చేశారు."

"తోడు తెచ్చుకోమన్నారు."

"అది నువ్విందాకే చెప్పావు. పొయ్యి వెలిగిస్తున్నాను, కాస్త జరుగు."

"ఆగు. ఇంకో రకంగా కూడా ఉండొచ్చు. వాళ్ళు పట్టేసి ఉంటారు."

"ఏం పట్టేసి ఉంటారు?"

"కార్డు నాదీ, మనిషి నువ్వూ అని. అందుకే పేరు అడిగింది, పుట్టినరోజు అడిగింది. డాక్టర్లు పుట్టినరోజు అడుగుతారా? ఇద్దర్నీ ఒకేసారి రప్పించుకుంటే పని సులువని తోడు తెచ్చుకోమంది. నా శాశ్వత నివాసం కాగితం ఇంకా వలసల ఆఫీసు బల్ల మీదే ఉంది యారీ. మా వంటగదిలో అందరూ అంటారు, ఒక్క మచ్చ ఉంటే చాలు పక్కన పడేస్తారని. అది రాకపోతే గ్రెయిదీ రాలేదు. మన ఊరు మరకైబోలో నా కూతుర్ని వదిలొచ్చినప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు పదిహేను. వాళ్ళ అత్త ఇంట్లో మంచం మీద కాళ్ళు బయటికొస్తున్నాయంటోంది."

"నాకు తెలుసు. తెలిసే దొంగతనంగా తీశాను. అడిగితే నువ్వు ఇచ్చేదానివి కాదు."

"ఇచ్చేదాన్నో కాదో నువ్వెలా చెప్తావ్?"

"ఇచ్చేదానివా?"

"నా కాగితం వచ్చేదాకా ఆగమనేదాన్ని."

"చూశావా? గురువారం నేనొక్కదాన్నే వెళ్తాను. మళ్ళీ నువ్వై వెళ్తాను."

"వద్దు. ఫోన్‌లో నా గొంతు విన్నదావిడ. నేనూ వస్తాను. నేనే నేనై వస్తాను."

గురువారం ఉదయం. కిక్కిరిసిన బస్సు. కిటికీ పక్క సీటులో ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. నొహేలియా స్కూల్లో సెలవు చెప్పి వచ్చింది. ఎందుకని వాళ్ళు అడిగితే పన్ను నొప్పి అంది.

"మళ్ళీ చెప్పు. జూలైలో ఏమేం అడిగారు?"

"వయసు అడిగారు. నలభై ఆరన్నాను."

"నమ్మారా?"

"నమ్మారు."

"వెంటనే నమ్మారా?"

"అది నా ఖర్మ. ఎంతమంది పిల్లలన్నారు. ఒక్కతే అన్నాను, గ్రెయిదీని తల్చుకుని."

"మామూలు కాన్పా, ఆపరేషనా అని అడిగారా?"

"అడిగినట్టున్నారు. నాకు గుర్తులేదు. ఏదో ఒకటి అనేశాను."

"ఏదో ఒకటేంటే? నాకు పొట్ట మీద ఇంత పొడుగు కోత ఉంది. నీ పొట్ట చూశారా?"

"చూడకుండా పరీక్ష ఎలా చేస్తారు?"

"అయిపోయింది. దొరికిపోయాం."

"అది తెర వెనక పని అక్కా, అంత పట్టించుకుని ఉండరు. చిన్నపిల్ల, చదువైపోయి కొత్తగా వచ్చినట్టుంది. ఈ ఇసోల్దా కాదు."

"ఇంతకుముందు ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నారా అని అడిగారా?"

"అడిగారు. లేదన్నాను. చేయించుకున్నావా?"

"ఒకసారి. ఉత్తరాన ఇకీకేలో ఉన్నప్పుడు. హోటల్ వంటగదిలో పనిచేసే ఆడవాళ్ళందర్నీ వ్యానెక్కించి తీసుకెళ్ళారు. పోయినేడు మార్చిలో. మళ్ళీ ఎవరూ పిలవలేదు."

"పిలవలేదంటే బాగున్నట్టే."

"అంతేగా మరి. సరే విను. లోపల నువ్వు మాట్లాడకు. నువ్వు తోడొచ్చిన చెల్లెలివి. నీకేం తెలీదు. జూలైలో వచ్చింది నేనే, మార్చిలో వెళ్ళింది నేనే. మందులిస్తే నా పేరు మీద తీసుకుందాం, నువ్వు మింగు. ఆస్పత్రికి పంపిస్తే నా పేరు మీద చోటు తీసుకుందాం, నువ్వు వెళ్ళు."

"ఇంతకుముందు కార్డు తీశానని నిలదీశావు."

"ఇంతకుముందు నీకు రక్తం పోతోందని తెలీదు. ఆ అబ్బాయి భుజం మీంచి మనల్నే చూస్తున్నాడు. మెల్లగా మాట్లాడు."

"వాడు స్టాపు బోర్డు చూస్తున్నాడు."

"నాకైతే అందరూ మనల్నే చూస్తున్నట్టుంది. చినీతా మాతా, ఇవాళ్టికి గట్టెక్కించు తల్లీ."

"అక్కా, భయంగా ఉంది."

"నాకూ ఉంది. నీ చెయ్యి ఇటియ్యి. దిగేది ఇక్కడే, లే."

ఆరోగ్య కేంద్రంలో చిన్న గది. పది దాటి అయిదు నిమిషాలయింది. బల్లకు అవతల నెరిసిన జుట్టుతో ఇసోల్దా, ఇవతల అక్కచెల్లెళ్ళు. నొహేలియా సంచీని రెండు చేతులా ఒళ్ళో పట్టుకుంది.

"నొహేలియా బ్రాచో?"

"నేనే మేడమ్."

"నేను ఇసోల్దా. ఇక్కడ మాత్రోనాని. మీతో వచ్చినావిడ?"

"నా చెల్లెలు యారిత్సా. ఊరికే తోడొచ్చింది. దానికేం తెలీదు."

"ఏం తెలీదు?"

"ఏమీ. అసలు దేని గురించీ."

"మంచిది. తలుపు వేస్తున్నాను."

"తలుపెందుకు మేడమ్?"

"వరండాలో నలభైమంది కూర్చున్నారు. మన మాటలు వాళ్ళకెందుకు? సోమవారం నా ఫోన్ ఎత్తింది మీరే కదా సెన్యోరా?"

"నేనే."

"ఆ నంబరు మీదేనా?"

"నాదే."

"ఒకసారి చెప్పండి."

"ఏంటి?"

"మీ నంబరు."

"తొమ్మిది... తొమ్మిది, ఆరు... కొత్తది మేడమ్. ఇంకా నోటికి రాలేదు."

"ఎప్పట్నుంచి కొత్తది?"

"ఈమధ్యే."

"జూలైలో రాయించారు. మూడు నెలలైంది."

"నాకు లెక్కలు త్వరగా ఎక్కవు."

"అంతకుముందు ఏ నంబరు వాడేవారు?"

"ఉత్తరాన ఉన్నప్పటిది. ఆ ఫోన్ బస్సులో పోయింది, నంబరూ పోయింది."

"ఉత్తరాన అంటే ఎక్కడ?"

"ఇకీకేలో."

"అక్కడ ఏ వీధి?"

"ఏ వీధని చెప్పను మేడమ్? ఆర్నెల్లలో మూడు గదులు మారాను."

"మారినప్పుడు అక్కడి కేంద్రంలో చెప్పారా? కొత్త చిరునామా ఇచ్చారా?"

"గది ఖాళీ చెయ్యమన్న రోజు సామాను నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద నిలబడతాం మేడమ్. అప్పుడు చిరునామా ఎవరు గుర్తుపెట్టుకుని చెప్తారు?"

"శాంతియాగోకి ఎప్పుడొచ్చారు?"

"పోయినేడు ఏప్రిల్ చివర్లో."

"ఏప్రిల్ చివర్లో. సరే."

"మేడమ్, ఇవన్నీ ఎందుకు రాసుకుంటున్నారు? అక్క ఏం చేసిందని?"

"మీకేం తెలీదన్నారుగా, యారిత్సా. అక్కగారిని చెప్పనివ్వండి. సెన్యోరా, మీ పేరు మీద రెండు పరీక్షలున్నాయి. ఒకటి పోయినేడు మార్చిలో ఇకీకేలో, ఇంకొకటి ఈ జూలై తొమ్మిదిన ఇక్కడ. రెండూ మీవేనా?"

"నావే."

"రెండూ?"

"రెండూ."

"మరి జూలైలో ఇంతకుముందు పరీక్షే చేయించుకోలేదని చెప్పారు."

"మర్చిపోయి ఉంటాను."

"పోనివ్వండి. పిల్లలు?"

"ఒక్కతే. అమ్మాయి."

"ఆపరేషన్ చేసి తీశారా?"

"అవును."

"మచ్చ ఉందా?"

"ఉంది."

"మార్చి కాగితంలో కూడా ఉందనే రాశారు. జూలైలో చూసిన మా అమ్మాయి మాత్రం మచ్చ లేదు, కాన్పు అయినట్టే లేదు అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది."

"కొత్త పిల్ల కదా మేడమ్. సరిగ్గా చూసి ఉండదు."

"కొత్త పిల్ల అని మీకెలా తెలుసు?"

"అంటే... ఆ రోజు చూశానుగా."

"మచ్చ సంగతి?"

"మాసిపోయింది."

"జూలైకి మాసిపోయి అక్టోబరుకి మళ్ళీ వచ్చిందా?"

"మేడమ్, మీరు పోలీసులు అడిగినట్టు అడుగుతున్నారు."

"పోలీసులు ఇంత ఓపిగ్గా అడగరు. నేను ఇరవై రెండేళ్ళుగా ఇదే బల్ల దగ్గర ఉన్నాను సెన్యోరా. నాకు అర్థమైంది వేరు. కానీ నేను అనుకున్నది రాయడానికి వీల్లేదు. మీరు చెప్పిందే రాయాలి. అందుకే అడుగుతున్నాను."

"చెప్పానుగా. రెండూ నావే."

"అయితే వినండి. ఈ రెండు పరీక్షల్లో ఒకటి బాగుంది. ఒకటి బాగోలేదు."

"ఏది బాగోలేదు?"

"అది తర్వాత చెప్తాను."

"తర్వాతేంటి మేడమ్? ఏదో చెప్పండి ముందు."

"ముందు నేను చెప్తే, మీకు ఏది మంచిదనిపిస్తే ఆ జవాబిస్తారు. ఇప్పటిదాకా చేస్తున్నది అదే కదా. ఎవరిది ఏదో నాకు కచ్చితంగా తెలియాలి. సోమవారం ఆస్పత్రిలో ఒక్క చోటు దొరికేలా ఉంది. ఇది పోతే మళ్ళీ ఎప్పుడో నేను చెప్పలేను."

"ఆ చోటు నాకు రాయండి. బాగోలేనిది నాదే. నొహేలియా బ్రాచో అని రాయండి."

"సోమవారం ఆస్పత్రికి మీరే వెళ్తారా?"

"నేనే వెళ్తాను."

"నా వైపు చూసి చెప్పండి."

"చూస్తూనే ఉన్నాను."

"చెల్లెలి వైపు చూస్తున్నారు."

"అక్క వెళ్తుంది మేడమ్. నేను తోడు వెళ్తాను. మేం ఎక్కడికైనా కలిసే వెళ్తాం."

"సంతోషం. అయితే ఫైలు సరిచూసుకుందాం. ఎందుకంటే అక్కడ మత్తిస్తారు, మందులు ఎక్కిస్తారు. వాళ్ళు మనిషిని అడగరు, ఫైలు చూస్తారు. బీపీ లేదు. షుగరు లేదు. పెన్సిలిన్ ఇవ్వొచ్చు, ఏ ఇబ్బందీ లేదు అని ఉంది. సరేనా?"

"ఏది ఇవ్వొచ్చు?"

"పెన్సిలిన్. ఇకీకేలో మీరే చెప్పారు, పడుతుందని."

"అక్కా, సరే అను. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావ్? మత్తులో ఉండి ఏం చూసుకుంటావే?"

"అక్కా, నోరు మూసుకో."

"దీనికి పెన్సిలిన్ పడదు మేడమ్."

"దీనికి అంటే ఎవరికి?"

"ఆరేళ్ళప్పుడు గొంతు వాచిందని సూది వేయిస్తే, ఇంటికొచ్చేలోపు మొహం బంతిలా ఉబ్బిపోయింది. కళ్ళు మూసుకుపోయాయి. ఊపిరి ఈలలాగా వచ్చింది. అమ్మ పనిలో ఉంది. నాకు పద్నాలుగేళ్ళు. దీన్ని భుజాన వేసుకుని రోడ్డుకడ్డంగా నిలబడి చేపల లారీ ఆపాను. ఇంకో పది నిమిషాలాలస్యమైతే దక్కేది కాదన్నారు."

"మేడమ్, అక్క ఏదో పాత సంగతి చెప్తోంది. దానికీ దీనికీ సంబంధం లేదు."

"ఉంది. రాసుకోండి మేడమ్. జూలైలో వచ్చింది నేను కాదు."

"అక్కా, గ్రెయిదీ."

"గ్రెయిదీ సంగతి నేను చూసుకుంటాను. రాసుకోండి. జూలైలో వచ్చింది ఇది. యారిత్సా బ్రాచో, ముప్పై ఎనిమిదేళ్ళు. పిల్లల్లేరు. పెన్సిలిన్ పడదు, అది పెద్దక్షరాలతో రాయండి. ఏప్రిల్ నుంచి రక్తం పోతోంది. మీ కిటికీ దగ్గర మార్చికి రమ్మన్నారు. కార్డు నేనే ఇచ్చాను."

"అబద్ధం మేడమ్. అక్క ఇవ్వలేదు. నేనే దొంగతనంగా తీశాను. అక్కకి సోమవారం దాకా తెలీదు."

"నేనే ఇచ్చానంటున్నానా?"

"ఇవ్వలేదు. చెత్త డబ్బాల్లో వెతుక్కుంది పాపం."

"నువ్వు మాట్లాడకు. పెద్దదాన్ని నేను, ఇంట్లో ఏం జరిగినా నాదే పూచీ. ఏం చేస్తారో నన్ను చెయ్యండి మేడమ్. కానీ సోమవారం చోటు మాత్రం దీని పేరుకి మార్చండి. దండం పెడతాను."

"ఇచ్చారా, తీసిందా అన్నది నాకక్కర్లేదు. ఈ కాగితంలో దానికి గడి లేదు. జూలైలో వచ్చింది యారిత్సా. అంతేనా?"

"అంతే మేడమ్."

"మీరు కూడా చెప్పండి, యారిత్సా."

"నేనే వచ్చాను."

"ఇద్దరూ ఇక్కడ సంతకం పెట్టండి. నీళ్ళు తాగుతారా?"

"వద్దు మేడమ్. ఇది ఎప్పుడు పంపిస్తారు?"

"ఎక్కడికి సెన్యోరా?"

"కాగితాల ఆఫీసుకి. వలస వచ్చినవాళ్ళ ఆఫీసుకి. మేం చేసింది."

"ఆ ఆఫీసు ఎక్కడుందో కూడా నాకు తెలీదు. నేను రాసేది ల్యాబుకి ఒకటి, ఆస్పత్రికి ఒకటి. ఒక మనిషి పేరు మీద ఇంకో మనిషి రిపోర్టు పడింది, విడదీయండి అని. అంతకుమించి నా పని కాదు. దీనికోసమేనా సోమవారం నుంచి భయపడుతున్నారు?"

"నిద్ర లేదు మేడమ్ ఇద్దరికీ."

"నాకూ లేదు. ఇంకొక్క ప్రశ్న అడుగుతాను. ఇది మాత్రం ఆలోచించి చెప్పండి. పోయినేడు మార్చిలో ఇకీకేలో పరీక్ష చేయించుకున్నది ఎవరు? అక్కడ కూడా ఎవరైనా మీ కార్డు వాడారా?"

"లేదు. అది నేనే. వ్యాన్‌లో తీసుకెళ్ళారు. నా కాళ్ళతో నేనే వెళ్ళాను. దాని సంగతి ఇప్పుడెందుకు మేడమ్? అదయ్యాక ఎవరూ ఫోన్ కూడా చెయ్యలేదు. దీని సంగతి చూడండి ముందు."

"ఫోన్ చేశారు సెన్యోరా. పదకొండుసార్లు చేశారు. ఆ నంబరు మోగలేదు. రెండు ఉత్తరాలు వేశారు, ఆ చిరునామాలో అలాంటివాళ్ళు లేరని వెనక్కొచ్చాయి. జూలైలో మీ పేరు పక్కన కొత్త నంబరు పడేదాకా మీరు ఈ దేశంలో ఉన్నారో లేదో కూడా ఎవరికీ తెలీదు."

"ఆ నంబరు నాది మేడమ్. అక్క నంబరు రాస్తే అక్కకి ఫోన్ వస్తుందని, నేనే నాది రాయించాను."

"మంచి పని చేశారు. రక్తం పోవడానికి కారణం లోపల పెరిగిన చిన్న కండ, జూలైలో మా అమ్మాయి రాసి ఉంచింది, అది వచ్చే వారం నేనే ఇక్కడ తీసేస్తాను. మీ పరీక్ష శుభ్రంగా ఉంది యారిత్సా. మీ కుర్చీ కాస్త అక్క దగ్గరికి జరుపుకోండి. జబ్బు ఇంకా చేయి దాటిపోలేదు, కానీ సోమవారం చోటు ఆవిడది."